బందే పురాణం

మా అత్త సంగమ్మ నోట్లోంచి తెలుగు పోయింది. పళ్లు ఊడినట్టు ఒక్కొక్క మాటే పోతే సర్దుకునేవాళ్లం. ఒక్క పొద్దున్నే మొత్తం పోయింది. కార్తీకం మొదలైన వారంలో, వాకిట్లో చెంబు పట్టుకుని నిలబడిన మనిషి నిలబడినట్టే కూలిపోయింది. చేవెళ్ల దవాఖానకు ఎత్తుకుపోయాం. అక్కడి నుంచి పట్నం పంపారు. కుడి చేయి చచ్చుబడింది, కుడి కాలు ఈడుస్తుంది, ప్రాణానికి మాత్రం భయం లేదన్నారు. హమ్మయ్య అనుకుని ఇంటికి తెచ్చుకున్నాం.

తెచ్చుకున్నాక తెలిసింది అసలు సంగతి. మాట ముద్దగా వస్తోందని దవాఖానలో అనుకున్నాం గదా, అది ముద్ద మాట కాదు, కన్నడం. చక్కగా, గడగడా మాట్లాడుతోంది, మాకే ఒక్క ముక్క అర్థం కావడం లేదు. కన్న కొడుక్కే ఆ భాష రాదు. ఆమె పుట్టింటి వైపు పిలిపించడానికి ఎవరూ మిగల్లేదు. ఆమె ఏం అడుగుతోందో మాకు తెలియదు, మేం ఏం చెబుతున్నామో ఆమెకు తెలియదు. అన్నం కలిపి నోటి దగ్గర పెడితే పెదవులు బిగించి ముఖం తిప్పుకుంటుంది. ఇట్లా అయితే ఎన్నాళ్లు? డాక్టరు చూసి, సోమవారం దాకా ఆగుదాం, అప్పటికీ తినకపోతే ముక్కులోంచి పైపు వేయక తప్పదు అన్నాడు.

నేను ఆమె కోడలిని, అరుణజ్యోతిని. చేవెళ్ల బస్టాండు దగ్గర నాకు కుట్టు దుకాణం ఉంది. మా ఆయన బాలరాజ్ చందనవెల్లి కంపెనీకి కూలీలను తీసుకుపోయే బస్సు నడుపుతాడు. బిడ్డ వర్షిత గండిపేట దగ్గర కాలేజీలో చదువుతోంది. షాబాద్ పోయే దారిలో మా ఊరు. నాకు ఓపిక తక్కువ. ఆ మాట ముందే చెబుతున్నాను, తర్వాత ఎవరూ ముక్కున వేలేసుకోకుండా. కానీ మా అత్త దగ్గర నా కోపం ఎప్పుడూ సాగలేదు. నేను అరిచినంతసేపు అరవనిచ్చి, చివర్లో "అయిపోయిందా బిడ్డా? జర చాయ పెట్టు" అనేది. ఏం చేస్తాం, పెట్టేదాన్ని.

ఆమెది తాండూరు దాటి, కర్ణాటక హద్దు అవతల, సేడం వైపు ఒక పల్లె. కంది చేలు, జొన్న చేలు, నాపరాయి గనులు. లింగం కట్టుకునే ఇళ్లు మా వైపు తక్కువ కాబట్టి మా మామకు పిల్ల కోసం అంత దూరం పోయారట. వాళ్ల నాన్న రోజూ మధ్యాహ్నం పోతి ముందు కూర్చుని చదివేవాడు. పోతి అంటే వాళ్లకు దేవుడి పుస్తకం, శివుణ్ణి నమ్ముకున్న శరణుల కథలు. కూతురికి కూడా చదవడం నేర్పాడు. పెళ్లప్పుడు అందరూ బిందెలు, గుండిగలు పెడితే ఆయన ఎర్రబట్టలో చుట్టి ఆ పోతి పెట్టాడు. మా వాళ్లు చూసి నవ్వారట. కన్నడం పుస్తకం తెచ్చుకుని ఈ ఊళ్లో ఎవరికి చదువుతావు అని.

కోడలిగా వచ్చిన రోజు సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా, ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది.

"మా అవ్వ ఏమన్నదంటే బిడ్డా, అత్తగారోళ్లు లోపటికి రమ్మని నోటితోటి పిలిచేదాంక కడప దాటకు, పిలువని ఇంట్ల కాలు పెట్టకు అన్నది. మా దిక్కు గది రివాజు. నేను తల వంచుకొని కడప ముందు నిలబడ్డ. ఈడ ఏదో అంటున్నరు, అందరొక్కసారే అంటున్నరు. నాకేం సమజైతది? మా మాట ఎప్పుడొస్తదా అని చూస్తున్న. మిట్టమధ్యాహ్నం ఎండ. కాళ్లు కాలుతున్నయి. పిల్ల అలిగింది, మొండిది అని నవ్విన్రు. ఆఖరికి ఎవరో రెక్క పట్టి లోపటికి గుంజిన్రు."

"అయ్యో అత్తమ్మా" అన్నాను.

"నన్ను పిలువలే బిడ్డా. గుంజిన్రు" అంది. ఆ తర్వాత చిక్కుడుకాయల్లో పురుగులు ఎక్కువున్నాయని వేరే మాట ఎత్తుకుంది.

తెలుగు నేర్చుకోవడానికి ఆమె పడ్డ తిప్పలు ఊరంతా చెప్పుకునేవాళ్లు. పాలను హాలు అనేదట, పువ్వును హువ్వు అనేదట. పిల్లలు వెనకాల పడి హాలమ్మా, హాలమ్మా అని ఏడిపించేవాళ్లు. అందుకే కొడుకు పుట్టాక వాడితో ఒక్క కన్నడం ముక్క మాట్లాడలేదు. తనకైన నవ్వులాట వాడికి కావద్దనుకుంది. మా ఆయన ఇప్పుడు తల పట్టుకుని అంటాడు, నాకెందుకు నేర్పలేదో అని. అప్పుడు ఆమె బాధ అది.

పురాణం మొదలైంది వాళ్ల అత్త వల్ల. మేం పెద్దత్త అంటాం, నేను ఆమెను చూడలేదు. ముసలితనంలో చూపు పోయి, మధ్యాహ్నాలు గడవక, కోడల్ని పిలిచి "ఆ ఎర్రబట్ట పుస్తకంల ఏమున్నదే? జర చదువు" అందట. చదివితే ఏం తెలుస్తుంది? "గిట్ల గాదు, మా మాటల్ల చెప్పు" అంది. అట్లా మా అత్త ఒక కన్ను పోతి మీద, ఒక కన్ను పెద్దత్త మీద పెట్టి, వచ్చీరాని తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. పుస్తకం తెలుగైంది, దాంతోపాటు ఆమె కూడా తెలుగైంది.

ఇక చూడండి, ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలైంది. ఊరికే ఎవరొస్తారు, చేతిలో పని పట్టుకుని వచ్చేవాళ్లు. ఒకరు చింతపండు కొట్టుకుంటూ, ఒకరు బియ్యం ఏరుకుంటూ, ఒకరు పిల్లకు పేలు చూస్తూ. మా అత్త కథ చెబుతుంటే పోతిలో పెద్ద పట్నమని ఉన్నది చేవెళ్ల అంగడి అయిపోయేది. శరణులు వికారాబాద్ గుట్టల మీదుగా దిగి వచ్చేవాళ్లు. ఏ నది దాటినా ఆ నీళ్లు గండిపేట చెరువులోకే పోయేవి. ఒకసారి సుగుణమ్మ అడిగిందట, "శరణులు మన చేవెళ్లకు ఎప్పుడొచ్చిన్రే సంగీ?" అని. సుగుణమ్మ మా అత్త ఈడుది, మొదటి నుంచీ ఒక్క పురాణం తప్పని మనిషి. "మీరు కూసొని వింటున్నరు గదా, అందుకే వచ్చిన్రు" అని మా అత్త జవాబు.

అంతా తెలుగైంది గానీ రెండు మాటలు మాత్రం కాలేదు. అవి ఒక ముసలమ్మ కథలో వస్తాయి. ఆమె కటిక పేదరాలు, ఇంట్లో ఒకే ఒక్క జొన్నరొట్టె ఉంది. బయట ఎండలో జంగమయ్య రూపంలో శివుడు నిలబడ్డాడు. ఆయన తలుపు కొట్టడు, అడగడు. ముసలమ్మకేమో ఒక్క రొట్టె పెట్టడానికి సిగ్గు. ఆయన నీడ ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉంది. చివరికి ఆమె ఉండబట్టలేక దర్వాజ దగ్గరికి వచ్చి నోరు తెరిచింది. ఇక్కడ మా అత్త గొంతు మారేది. పోతి మీద అరచేయి పెట్టి "ఒళగ బా" అనేది. విన్న ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో "బందే" అనేవాళ్లు. జంగమయ్య ఇచ్చిన జవాబు అదే. ఆ తర్వాత ఆ రొట్టె ఎంత తిన్నా తరగలేదని కథ.

ఆ మాటలకు అర్థం మా ఊళ్లో ఎవరూ అడగలేదు. మంత్రానికి అర్థం అడుగుతారా ఎవరైనా? రొట్టెను తరగకుండా చేసిన మంత్రమని ఊరంతా నమ్మింది. నేనైతే వచ్చిన కొత్తలో అడిగాను, నాకు నోరు ఊరుకోదు గదా. "దాన్ని తెలుగు చేసి చూసిన బిడ్డా. చేస్తె నాకు మళ్ల ఎండల నిలబడ్డట్టే అయితది. అది గట్లనే ఉండనీ" అంది. ఏమన్నా అర్థమైందా? నాకు కాలేదు. మంత్రం మారిస్తే పాపమని భయపడుతోంది కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఆ మాటలకు ఒక పద్ధతి కూడా ఏర్పడింది. ఎవరు పెట్టారో తెలియదు. "ఒళగ బా" అని వినబడగానే అందరూ "బందే" అని కూర్చున్నచోటి నుంచి ముందుకు జరగాలి. వెనకున్నవాళ్లు ముందుకు, అరుగు కింద ఉన్నవాళ్లు అరుగు మీదికి, అరుగు మీదున్నవాళ్లు కడప లోపలికి. సుగుణమ్మ మొదట్లో అరుగు కింద, మట్టిలో కూర్చునేది. ఆమె కులపోళ్లను ఆ రోజుల్లో పై కులాల ఇళ్లల్లో అక్కడి వరకే రానిచ్చేవాళ్లు. దాన్ని పద్ధతి అనడానికి కూడా నాకు నోరు రాదు. మంత్రం పుణ్యమా అని జరుగుతూ జరుగుతూ ఒక కార్తీకంలో ఆమె కడప దాటి పోతి పక్కకు వచ్చి కూర్చుంది. పెద్దత్త గొణిగిందట. "మంత్రం జరగమన్నది అత్తా, నేనేం చేయాలె?" అని మా అత్త అమాయకంగా అన్నదట. ఆ అమాయకత్వం నేనూ చాలాసార్లు చూశాను, దాని వెనక ఎంత తెలివి ఉందో నాకు తెలుసు.

ఇంకొక కట్టడి కూడా ఉండేది. "బందే" ఎవరైనా అనొచ్చు. కరెంటు వస్తే బందే, బస్సు వస్తే బందే, కోడలు నెల తప్పితే బందే. కానీ "ఒళగ బా" మాత్రం నుదుట విభూతి పెట్టుకుని పోతి ముందు కూర్చున్న మనిషే అనాలి. ఇంకెవరన్నా అంటే తప్పు. పిల్లలు ఆటల్లో అన్నా సుగుణమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది.

నేను కోడలిగా వచ్చిన రోజు మా అత్త కడప లోపల నిలబడి, నుదుట విభూతితో, నా కళ్లలోకి చూస్తూ "ఒళగ బా" అంది. ఇదేదో వీళ్లింటి మొక్కు అనుకుని నేను రెండు చేతులూ జోడించి ఊరుకున్నాను. ఆమె ఇంకాసేపు ఆగింది, నా నోటి నుంచి ఏదో వినాలని చూస్తున్నట్టు. ఈలోగా వెనక నుంచి ముహూర్తం దాటిపోతోందని కేకలు. కుడికాలు పెట్టి లోపలికి వచ్చేశాను.

నా దుకాణంలో సమత అని ఒక పిల్ల పని చేస్తుంది. ఆదివారం మొయినాబాద్ చర్చికి పోతుంది. వాళ్ల ప్రార్థన అంతా తెలుగే, చివర్లో మాత్రం ఆమెన్ అంటారు. అదేం భాష అని అడిగితే, "పాస్టరుగారు ఒకసారి చెప్పిన్రు అక్కా, యాదికి లేదు. కని దాన్ని తెలుగుల అంటె మొక్కు ముట్టనట్టే అనిపిస్తది" అంది. మా పంతులు కూడా అర్థమంతా తెలుగులో చెప్పి, చివరికి తథాస్తు అనే అంటాడు. దేవుడి పుస్తకాన్ని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి తెచ్చేవాళ్లెవరైనా ఒకటో రెండో మాటలు అట్లాగే వదిలేస్తారు కాబోలు. తేవడం చేతగాక కాదు, తేవడానికి మనసొప్పక.

ఆ మధ్యాహ్నాలు ఎంత బాగుండేవి! నేను పీకో వేయాల్సిన చీరలు తెచ్చుకుని గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. చింతపండు వాసన, రోకలి చప్పుడు, మధ్యమధ్య సుగుణమ్మ జోకులు, అందరికంటే ఆలస్యంగా అర్థమై నవ్వే మా అత్త నవ్వు. తర్వాత ఏమైంది? ఊరి చుట్టూ వెంచర్లొచ్చాయి. టమాట తోటల్లో హద్దురాళ్లు లేచాయి. ఆడవాళ్లు పొద్దున్నే ఆటోలెక్కి పూల నర్సరీలకు, కంపెనీలకు పోవడం మొదలుపెట్టారు. ఉన్నవాళ్లను టీవీ పట్టుకుంది. నిత్యం జరిగిన పురాణం కార్తీక సోమవారాలకు కుదించుకుపోయింది. మా అత్త మాత్రం ఒక్కరొచ్చినా చెప్పేది. అప్పటికి పోతి తెరవడం కూడా మానేసింది, ఊరికే ఎదురుగా పెట్టుకునేది.

ఇప్పుడు ఆ మనిషి ఇట్లా అయిపోయింది. ఇంటికి వచ్చిన మర్నాటి నుంచీ ఒకటే పని. మంచం దిగి, గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ బయటికి పోయి, దర్వాజ ముందు అరుగు మీద కూర్చుంటుంది. చెంగు నెత్తి మీదికి లాక్కుని, తల వంచుకుని, ఎండలో. మేం పోయి ఎత్తుకొస్తాం. ఆమె ఏడుస్తుంది. పండబెడితే అన్నం ముట్టదు. కొంచెం కళ్లు తప్పితే మళ్లీ అరుగు మీదే. నాకు పిచ్చి లేచేది. ఒకసారి గట్టిగా అరిచాను కూడా, "ఏం గావాలె అత్తమ్మా నీకు? చెప్తె గదా తెలిసేది!" అని. ఆమె నా కాళ్ల వైపు చూసింది, ముఖం వైపు చూడలేదు.

వర్షిత ఫోను తెచ్చి తెలుగులో చెబితే అది కన్నడంలో పలికేటట్టు చేసింది. ఫోనులోంచి ఎవరో ఆడమనిషి వార్తలు చదివినట్టు "దయవిట్టు ఊట మాడి" అంది. దయచేసి భోజనం చేయండి అని అర్థమట. మా అత్త ఉలిక్కిపడి, ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చిందనుకున్నట్టు చెంగు ఇంకా కిందికి లాక్కుంది. తినడం మాట దేవుడెరుగు, మంచం మీద ముడుచుకుని కూర్చుంది.

"నానమ్మ భయపడ్డది మమ్మీ" అని వర్షిత ఏడ్చేసింది. ఆ తర్వాత ఫోను కనబడితే చాలు, మా అత్త నోరు మూసుకునేది.

సోమవారం వచ్చింది. సాయంత్రం దవాఖానకు పోవడానికి బాలరాజ్ ఆటో మాట్లాడాడు, బస్సుకు సెలవు పెట్టాడు. ఆ ముక్కు పైపుకైనా ఆమె ఒప్పుకుంటుందా, చేతులు కట్టేయాల్సి వస్తుందేమో.

మధ్యాహ్నం సుగుణమ్మ వచ్చింది. వెంట ఇంకో నలుగురు ఆడవాళ్లు. కార్తీక సోమవారం కాబట్టి వచ్చారు. పురాణం చెప్పేవాళ్లు లేరని తెలిసీ, ఇంట్లో ఉండలేక వచ్చారు. అప్పటికి మా అత్త అరుగు మీదే ఉంది. బాలరాజ్ ఆమెను ఎత్తడానికి వంగాడు. ఆమె ఎడమ చేత్తో దర్వాజ చెక్కను పట్టుకుని వదలలేదు.

"ఒళగ బర్లా?" అంది. మళ్లీ అంది, "ఒళగ బర్లా?"

ఆ మాట మేం రోజూ వింటూనే ఉన్నాం. ఏడుపులో ఏడుపుగా పోయింది. సుగుణమ్మ మొదటిసారి వింది. చటుక్కున ఆగిపోయింది.

"ఒళగ అంటున్నదే జ్యోతీ! పురాణం చెప్తున్నదా ఏంది?"

"వర్షితా, ఆ ఫోను తే. ఒళగ అంటె ఏందో చూడు. ఒళగ బా, అది చూడు" అన్నాను. బిడ్డ ఫోను దగ్గర నోరు పెట్టి పలికింది. చూసింది. మళ్లీ పలికింది.

"మమ్మీ, ఇది మంత్రం కానే కాదు. ఒళగ అంటె లోపలికి. బా అంటె రా. లోపలికి రా, అంతే మమ్మీ."

"మరి బందే?"

"వచ్చిన, అని."

ఇన్నేళ్లూ మేం కళ్లు మూసుకుని దండం పెట్టింది ఇంట్లోకి రమ్మనే మాటకు! బర్లా అంటే ఏమిటో ఇక ఫోను చెప్పనక్కర్లేదు. రావచ్చా అని అడుగుతోంది. పెళ్లికూతురు అడుగుతోంది. చిక్కుడుకాయల ఈనెలు తీసిన ఆ పూట మొత్తం కళ్ల ముందు తిరిగింది. నన్ను పిలువలే బిడ్డా, గుంజిన్రు. మేం మాత్రం ఏం చేస్తున్నాం? పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రెక్క పట్టి లోపలికి గుంజుతూనే ఉన్నాం. ఏడుపు ఆగలేదు నాకు.

"వదులు! ఆమెను ముట్టకు!" అని మా ఆయన మీద అరిచాను. ఆయన బిత్తరపోయి చేతులు తీశాడు.

"పెద్దమ్మా, నువ్వు పిలువు. ఒళగ బా అను" అన్నాను సుగుణమ్మతో.

ఆమె రెండు అడుగులు వెనక్కి వేసింది. "నేనెట్ల అంటనే? అది పోతి ముందర కూసున్నోళ్లు అనే మాట. మనం బందే అనేటోళ్లం. తప్పయితది బిడ్డా."

"పోతి ముందర కూసునేటామె ఎండల కూసున్నది పెద్దమ్మా! ఇంకెవరు పిలుస్తరు?"

సుగుణమ్మ చెప్పులు విడిచి, మా అత్తను తాకకుండా పక్క నుంచి లోపలికి పోయి, పోతి దగ్గరున్న విభూతి తెచ్చి నా నుదుటి మీద అడ్డంగా పూసింది. "నేను కాదు, ఇంటి కోడలివి నువ్వు. కడప లోపల నిలబడి నువ్వే పిలువాలె" అని మళ్లీ బయటికి పోయి ఆడవాళ్లతో నిలబడింది.

కడప లోపల నిలబడ్డాను. దుకాణంలో పదిమందిని ఒక్క కేకతో నిలబెట్టేదాన్ని. మొదటిసారి అన్నది నాకే వినబడలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ అన్నాను.

"ఒళగ బా, అత్తమ్మా."

ఆమె తల ఎత్తింది. చెంగు కొంచెం వెనక్కి జారింది. నా ముఖం వైపు చూసింది, నుదుటి వైపు చూసింది. జబ్బు చేసిన తర్వాత ఆమె నా ముఖం చూడడం అదే మొదలు.

"ఒళగ బా" అన్నాను.

"బందే" అంది మా అత్త.

దర్వాజ చెక్క పట్టుకుని తనకు తానే లేచింది. బాలరాజ్ చేతులు చాచి పక్కనే ఉన్నాడు, ముట్టుకోలేదు. పని చేయని కుడికాలినే ముందు పెట్టాలని చాలాసేపు తంటాలు పడింది. ఎడమ కాలు పెట్టొచ్చు గదా అని మాలో ఎవరికీ అనాలనిపించలేదు. ఈడ్చి ఈడ్చి ఆ కాలే కడప ఇవతల పెట్టింది. లోపలికి వచ్చి, ఇల్లంతా ఒకసారి చూసి, పోతి పక్కన తన చోటులో కూర్చుంది. జొన్నరొట్టె పాలలో నానబెట్టి ముందు పెట్టాను. ఎడమ చేత్తో ముద్ద తీసుకుంది. నమిలింది. మింగింది. ఇంకో ముద్ద తీసుకుంది. బాలరాజ్ ఇంటి వెనక్కి పోయి, ఆటో అతనికి ఫోను చేసి రావద్దన్నాడు.

తెలుగు ఆమెకు తిరిగి రాలేదు. వస్తుందని డాక్టరు కూడా చెప్పలేదు. తింటూ తింటూ నాతో కన్నడంలో ఏదో చాలా చెప్పింది. మధ్యలో నవ్వింది కూడా. నేనూ నవ్వాను.

అప్పుడు ఆమె చూపు దర్వాజ మీద పడింది. సుగుణమ్మా, మిగతా ఆడవాళ్లూ ఇంకా బయటే ఉన్నారు, కడప అవతల ఎండలో, చేతులు కట్టుకుని, లోపలికి రావచ్చో లేదో తెలియక. మా అత్త చేతిలోని రొట్టె ముక్క గిన్నెలో పెట్టింది. ఎడమ అరచేయి పోతి మీద ఆనించింది. ఆ పాత గొంతుతో పిలిచింది.

"ఒళగ బా."

"బందే" అంటూ అందరూ ఒక్కసారే కడప దాటి లోపలికి వచ్చారు. లోపలున్న నేను కూడా వాళ్లతోపాటు "బందే" అన్నాను. పెళ్లినాడు ఇదే కడప మీద మా అత్త నా నోటి నుంచి వినాలని ఆగిన మాట అది.